అచ్చులో అమ్మ చెయ్యి

బంక కుళ్ళిపోయింది. మూత తియ్యకముందే తెలుస్తోంది. తుమ్మబంకను ఈ ఎండల్లో నానబెట్టి మరిచిపోతే గూట్లో ఎలుక చచ్చినట్టే ఉంటుంది వాసన. దాన్నే నీలిరంగులో కలిపి, గుడ్డ ఉండతో అద్ది, ఈ కంపుతోనే యేసుప్రభువు పుట్టిన రాత్రి ఆకాశాన్ని నేను తయారుచెయ్యాలి. సముద్రం దాటేసరికి వాసన పోతుంది కాబోలు, లేకపోతే అక్కడి దొరలు పండగ పూట కవరు విప్పి ముక్కు మూసుకునేవాళ్ళు, మూసుకుంటే ఎంత బాగుండును. భాద్రపదం సగమైనా చినుకు లేదు, రేకులు టిక్కుటిక్కుమంటున్నాయి, ఇంత ఎండలోనూ బల్లమీద పరిచిన అట్టలు ఇంకా ఆరలేదు, బంక కుళ్ళితే అంతే, తొందరగా ఆరదు, తడి మీద అచ్చు కొడితే గీతలన్నీ కారి బొమ్మ దయ్యంలా తయారవుతుంది. మిషను దొరసానమ్మ మధ్యాహ్నపు నిద్ర లేచి, మొహం కడుక్కుని, గొడుగు వేసుకుని ఈ కొట్టంలోకి వస్తుంది, మొదటి కార్డు చూపించమంటుంది. ఆమె వచ్చేలోగా నేను ఆ మూట విప్పాలి. విప్పబుద్ధి కావడం లేదు. పొద్దున ఇమాం బాషా మామ తెచ్చి పెట్టిపోయాడు, కొత్త అచ్చు దిమ్మె, టేకు చెక్క, పాత లుంగీ పేలికలో చుట్టాడు. ఆ పేలిక లోపల మా అమ్మ ఉంది.

అమ్మ బయట కూడా ఉంది. అదిగో, ఆ మూల గోడకానుకుని కాళ్ళు బారజాపి, ఒళ్ళో చెనిక్కాయలు పోసుకుని. విశ్వాసమ్మ అనేది బాప్తిస్మంలో పెట్టిన పేరు, అంతకు ముందు ఓబులమ్మ. చూపు మసకబారి చాలా కాలమైంది, వేళ్ళలో బలం లేదు, కాయను పంటితో కటుక్కున కొరికి, పొట్టు తుప్పున ఊసి, గింజల్ని అరచేతిలోకి ఉమ్మి పక్కన పెడుతుంది. కటుక్కు, తుప్పు. కటుక్కు, తుప్పు. పొద్దుటినుంచీ ఇదే చప్పుడు. ఆ తడి గింజలు ఆమె తినదు, అదీ తమాషా, ఎవరికైనా పెట్టడానికి. ఎవరని లేదు. మనిషి పోలిక తెలియదు, గొంతు కూడా ఒక్కోసారి గుర్తుపట్టదు గానీ చాపిన చెయ్యి మాత్రం ఆమెకు ఎట్లాగో కనిపిస్తుంది. తపాలా ఆయన కార్డుల కట్ట అందుకోవడానికి చెయ్యి చాపితే కట్టకు బదులు గింజలు పడ్డాయి. మొన్న ఎవరో గోడ పట్టుకుని లేవబోతుంటే ఆ చేతిలోనూ పెట్టింది. ఎంగిలి కదమ్మా, నలుగురూ అసహ్యించుకుంటారు అంటే, ఆకలైనోనికి ఎంగిలేంది మే అంటుంది. ఎవరికీ ఆకలి లేదమ్మా అంటే వినదు. తపాలా ఆయన వాకిలి దాటాక చెయ్యి దులుపుకుని పంచెకు తుడుచుకోవడం నేను చూశాను. నాకూ అట్లాగే అనిపిస్తుంది, కన్నతల్లి నోటి తడి చూస్తే నేను మొహం పక్కకు తిప్పుకుంటాను, ఇది ఎవరితో చెప్పుకునే మాట కాదు గనక చెప్పను.

ఇంకొక అట్ట తాకి చూశాను. వేలికి నీలం అంటుకుంది. ఇంకా తడే.

ఆకాశం పూయడం నాకు వచ్చినంత బాగా ఈ కొట్టంలో ఎవరికీ రాదు, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. అట్ట నడుమ చుక్క వచ్చే చోట గుండ్రంగా కత్తిరించిన కాగితం పెట్టి, దాని చుట్టూ మోదుగపూల పసుపు, దాని మీదికి ఎరుపు, అంచుల నుంచి లోపలికి నీలం, గుడ్డ ఉండతో సుడి తిప్పుతూ తిప్పుతూ రావాలి. పసుపు ఎక్కడ ఆగిందో నీలం ఎక్కడ మొదలైందో కనపడితే చేతకానట్టు. రంగు ఆరాక మీద దిమ్మె పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు. ఇన్నేళ్ళూ చుక్క, పశువుల కొట్టం, ఒంటెల మీద వచ్చే ముగ్గురు జ్ఞానులు. ఆ ఒంటెల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇమాం బాషా మామ వాళ్ళది తాతల కాలం నుంచి చీరల అంచులకు అచ్చులు చెక్కిన ఇల్లు, మిల్లు బట్ట వచ్చి అద్దకం పని మూలపడ్డాక మా కార్డులకు చెక్కుతున్నాడు. మామిడిపిందె చెక్కమంటే కళ్ళు మూసుకుని చెక్కుతాడు, ఒంటెను మాత్రం ఎన్నడూ చూసింది లేదు. దొరసానమ్మ పుస్తకంలోని బొమ్మ గీసి ఇస్తే వీపు మీద మూపురం సరిగ్గానే దించాడు, మొహం మాత్రం వాళ్ళింటి ఎద్దుది వచ్చింది, కొమ్ములు ఒక్కటే తక్కువ. దొరసానమ్మ అది చూసి, బాగున్నది, మీ దేశపు ఒంటె అన్నది. మూడేళ్ళ నుంచి ఎద్దుమొహం ఒంటెలే దొరల సీమకు పోతున్నాయి. అట్లాగే పోతూ ఉంటే నాకేం బాధ ఉండేది కాదు.

ఈ ఏడు చుక్కా వద్దు, ఒంటెలూ వద్దు అన్నది ఆమె. పెట్టె సర్దుతుంటే పాత ఫోటో దొరికిందట, ముందున్న దొర తీసింది. గంతులేస్తూ వచ్చింది, నిజంగానే, అంత పెద్ద మనిషి మోకాళ్ళ దాకా గౌను ఎత్తిపట్టుకుని మెట్లు దిగి వచ్చింది. రత్నమణీ, చూడుము, ఇది నీవు! అన్నది. చూశాను. బంగళా వసారా, స్తంభం, స్తంభం పక్కన ఎముకల మీద తోలు కప్పినట్టు ఒక ఆడమనిషి, ఆమె చంకలో తల పెద్దది కడుపు పెద్దది అయిన ఒక జంతువు, ఆ మనిషి కుడి చెయ్యి ముందుకు, ఫోటో లోనుంచి బయటికి వచ్చేట్టు చాపి ఉంది. ఆ జంతువు నేనట. నేను దాన్ని అప్పుడే చించి పారేసి ఉండాల్సింది, కానీ నా చేతికి రంగు ఉందని ఆమె ఫోటో నాకు ఇవ్వలేదు, అంచులు పట్టుకుని తనే చూపించింది. ఎంత సంతోషమో ఆ మొహంలో. ఈ ఏడు కార్డు మీద ఇదే బొమ్మట, చూసినవాళ్ళ గుండె కరిగిపోతుందట. ఒకరి గుండె కరగడానికి మా అమ్మ చెయ్యి పొయ్యిలో కట్టె కావాలి. గుడిలో వాక్యం చెప్పే ఏసన్న ఉపదేశి వెనకనే నిలబడి తలకాయ ఊపుతున్నాడు, ఆయనకు ఊపడమే పని. "ఏం మే, అట్ల మొగం పెడ్తివి? ఈ బొమ్మ పోతే కంబళ్ళొస్తాయి, జొన్నలొస్తాయి. చెయ్యి చాపిన బొమ్మే గదా, నిన్నేమన్నా చాపమన్యారా?" అన్నాడు. నాకు ఆయన ముక్కు మీద నీలం గుడ్డ ఉండ అద్దాలనిపించింది.

నన్ను చాపమనలేదు, నిజమే. నా చిన్నప్పుడు సీమ నుంచి చుట్టపు దొరలు వచ్చినప్పుడల్లా నన్ను ముందుకు తోసేవాళ్ళు, ఆ కరువు బిడ్డ ఇదే, ఎట్లా ఎదిగిందో చూడండి అని. ఒక్కొక్కరూ గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసేవాళ్ళు, సంతలో గొడ్డు పళ్ళు చూసినట్టు. వాళ్ళ వేళ్ళకు సబ్బు వాసన. పోయేముందు నోట్లో పిప్పరమెంటు పెట్టేవాళ్ళు, నేను దాన్ని బుగ్గన పెట్టుకుని గొబ్బి చెట్ల కంచె వెనక్కి పోయి ఉమ్మేసేదాన్ని, చీమలు పట్టేవి, చీమలకు రోషం లేదు. ఇప్పటికీ తీపి నోట్లో పడితే నాకు ఆ వేళ్ళే గుర్తొస్తాయి. అమ్మ మాత్రం ఆ కరువు మాట ఎన్నడూ ఎత్తదు. నాన్న ఎట్లా పోయాడంటే పోయినాడు అంటుంది. అన్న ఒకడు ఉండేవాడట గదా అంటే, ఉండె అంటుంది. బద్వేలు దారి పట్టుకుని నడిచొచ్చారని, దారిలో కలబంద గుజ్జూ బలుసాకూ ఉడకేసుకు తిన్నారని ఇతరులు చెప్పగా విన్నదే. ఆ వసారాలో చెయ్యి చాపింది నిజమా అని నేనూ అడగలేదు. అడిగితే ఔనంటుందని భయం. ఔనన్న మాట నా చెవిన పడకూడదు. పనికి వచ్చాం, పని చేశాం, తిన్నాం, నేను అట్లాగే చెప్పుకుంటూ వచ్చాను, రంగులో మునిగిన నా చేతుల్ని చూసుకుని అట్లాగే నమ్ముతూ వచ్చాను. ఇప్పుడు అదే చేతులతో అట్ట మీద అట్ట, దొంతర మీద దొంతర, అమ్మ చేత అడుక్కునేట్టు చెయ్యాలి. ఎవరి ఇంట్లోనో చలిమంట కాచుకునే గూటి మీద నిలబెడతారు, పండగ వెళ్ళేదాకా ఆ ఇంట్లో వాళ్ళు తింటూ తాగుతూ ఉంటే అమ్మ అట్లాగే చెయ్యి చాపి నిలబడి ఉండాలి. తరువాత అదే మంటలో వేస్తారు.

వెయ్యను. రాత్రే అనుకున్నాను. దొరసానమ్మ రాగానే చెప్పేస్తాను, వేరే వాళ్ళ చేత వేయించుకోండి, లేదా నన్ను పంపించెయ్యండి అని. పంపించేస్తే ఎక్కడికి అన్నది తరువాతి మాట. ఈ కొట్టంలో పని చేసేవాళ్ళకే మేముండే వరస ఇళ్ళు, పని మానితే ఇల్లు ఖాళీ చెయ్యాలి, అమ్మను పట్టుకుని నడవాలి, కండ్లు లేని మనిషిని, ఈ ఎండలో, ఏ దారి పట్టుకుని. వానలు లేని ఏడాదిలో కూలికి ఎవరు పిలుస్తారు. పొలాల్లో ఏముందని. మళ్ళీ ఎవరి వసారాలోనో స్తంభం పక్కన. ఈసారి ఆమె చంకలో నేను ఉండను, నేనే చెయ్యి చాపుతాను, అంతే తేడా. థూ. బొమ్మ వెయ్యను అంటే బొమ్మలోని పనే నిజంగా చెయ్యాల్సి వచ్చేట్టుంది. ఈ లెక్క నాకు రాత్రి నుంచీ తెగడం లేదు, నిద్ర లేక తల పగిలిపోతోంది, బంక కంపు తలకెక్కుతోంది, కటుక్కు, తుప్పు, ఆపమ్మా అని అరిచాను. అమ్మ ఆపింది. కాసేపయ్యాక మళ్ళీ మొదలుపెట్టింది.

అట్ట ఆరింది. వేలికి ఏమీ అంటలేదు.

మూట విప్పాను. చూడకుండా విప్పాను, మొహం పక్కకు తిప్పుకుని వేళ్ళతో తడిమాను, చెక్క కొత్తది, ఉలి లేపిన పేడు వేళ్ళకు గుచ్చుకుంటోంది, చిక్కిన ఒళ్ళు దొరికింది, చంకలో బిడ్డ తల దొరికింది, ఇక చెయ్యి. చెయ్యి ముందుకు లేదు. పైకి ఉంది. తల తిప్పి చూశాను. ఐదు వేళ్ళూ విడివిడిగా, నిటారుగా, అరచెయ్యి ఎదుటివాడికి కనపడేట్టు, మొహం కంటే పెద్దదిగా. పీరు! పీర్ల పండగలో గుండం చుట్టూ తిప్పే పంజా, వెండిరేకు చెయ్యి, అచ్చంగా అదే. పొద్దున మూట పెట్టిపోతూ ఆయన నీళ్ళు నమలడం ఇప్పుడు అర్థమైంది. "ముందరికి చాపిన చెయ్యి చెక్కలో యాడికి వస్తాదమ్మా, ఎంత కొట్టినా మొండిచెయ్యి మాదిరి వస్తాండాది. నాకు తెల్సిన చెయ్యి కొట్టినా. సూసుకో" అన్నాడు. ఆయనకు తెలిసిన చెయ్యి అదొక్కటే, తెలిసిన మొహం ఎద్దుది ఒక్కటే అయినట్టు. నవ్వొచ్చింది, ఎంతసేపు నవ్వానో, అమ్మ ఏంది మే ఏంది మే అంటోంది. మా వాళ్ళు పీర్ల చావిడికి పోకూడదని ఏసన్న కట్టడి, అయినా చిన్నప్పుడు అమ్మే నన్ను భుజాన వేసుకుని పోయి జనం వెనక నిలబడేది. ఊదు పొగ, డప్పులు, నిప్పుల వెలుగు, వాటి అన్నింటి మీదుగా తలలకు పైన ఊగుతూ వచ్చే చెయ్యి, మెడనిండా పూలు, ఆ చేతికి మొక్కి బెల్లం చదివించేవాళ్ళు కోమట్లూ రెడ్లూ అందరూ. ఆ చెయ్యి ఎవర్నీ ఏమీ అడగదు, దానికే అందరూ తెచ్చి ఇస్తారు. ఆ చెయ్యి తెచ్చి మామ మా అమ్మకు పెట్టాడు.

దిమ్మెకు రంగు పూశాను. అట్ట మీద పెట్టి పిడికిలితో గుద్దాను. తీసి చూస్తే నా పసుపు వెలుగు నడుమ బక్క మనిషి చెయ్యెత్తి నిలబడి ఉంది, వెలుగు ఆ చేతి వెనకనుంచే వస్తున్నట్టుంది. పొద్దుటినుంచీ మొదటిసారి బంక కంపు మరిచిపోయాను. ఇదైతే వేస్తాను, ఇదైతే ఎన్ని దొంతరలైనా వేస్తాను అనుకుంటూ ఉండగానే వాకిట్లో గొడుగు ముడిచిన చప్పుడైంది.

దొరసానమ్మ కొట్టంలోకి అత్తరు వాసన ముందు, తను వెనక. నిద్ర మొహం ఎర్రగా ఉంది. కార్డు తీసుకుని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఆకాశము చాల బాగున్నది. కాని ఇది యేమి? ఈమె అడుగుట లేదు. ఈమె ఆగుమని చెప్పుచున్నది" అన్నది.

"బాషా మామకు ఆ చెయ్యి కుదర్లేదంటమ్మా. ఇదే బాగుండాది" అన్నాను. వెయ్యను అనడానికి దాచుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో ఇంతే వచ్చింది.

"లేదు, లేదు. మరల చెక్కవలెను. చేయి యీలాగున ఉండవలెను" అని, గొడుగు చంకలో పెట్టుకుని, మోకాళ్ళు కొంచెం వంచి, మెడ పక్కకు వాల్చి, పెదవి కిందికి లాగి, చెయ్యి చాపింది. తెల్లటి అరచెయ్యి, గులాబి గీతలు. అంత బాగా ఎక్కడ నేర్చుకుందో, ఏ సినిమా ఆటలోనైనా చూసిందో, ఆ ఫోటోనే చూసి చూసి పట్టుకుందో. చాలమ్మా అనబోయాను.

నేను అనేలోపే మూలనుంచి అమ్మ ముందుకు వంగింది. ఆ చెయ్యి ఆమెకు కనిపించింది. ఎవరిదో తెలియదు, తెల్లదో నల్లదో తెలియదు, చాపిన చెయ్యి. తన అరచేతిలో ఉన్న తడి గింజలన్నీ ఆ అరచేతిలో పోసింది, జారిపోకుండా తన చేత్తో ఆ వేళ్ళను కిందినుంచి పట్టుకుంది.

"ఇందమ్మా, తిను" అంది. "ఎన్ని దినాలాయ తిని? సిగ్గుపడాకు, ఈడ నిన్నెవురూ ఏమీ అనరు. నేనూ చాపినదాన్నే."

ఇన్నేళ్ళలో ఆ మాట అమ్మ నోట వినడం అదే. నేను వినకూడదనుకున్న మాట అంత మామూలుగా, ఎవరో దారిన పోయేదాన్ని ఓదార్చడానికి, పొట్టు ఊసినంత తేలిగ్గా. దొరసానమ్మ మోకాళ్ళు వంచిన మనిషి వంచినట్టే ఉండిపోయింది. అరచేతిలో ఎర్రటి గింజలు మెరుస్తున్నాయి, ఒక దాని మీద నురగ కూడా ఉంది. ఆమె పెదవి ఇప్పుడు నిజంగానే కిందికి లాగుకుపోయింది, ముక్కుపుటాలు బిగిశాయి. ఆ మొహం నాకు బాగా తెలుసు. పొద్దుటినుంచీ ఈ కొట్టంలో అది నా మొహం. పారెయ్యలేదు ఆమె, అమ్మ పట్టుకుని ఉంది. తినలేదు. చివరికి "వందనములు" అన్నది, ప్రార్థన అయ్యాక అనే గొంతుతో. అమ్మ వదిలేసింది.

"దిమ్మె ఉండనిమ్ము" అని నా వైపు చూడకుండా అన్నది దొరసానమ్మ. గొడుగు విప్పలేదు, ఒక చెయ్యి ఖాళీ లేదు గదా. చెయ్యి అట్లాగే ముందుకు పెట్టుకుని, వేళ్ళు ముయ్యకుండా, నెత్తి మీద ఎండ పడుతుండగా బంగళా దాకా నడిచి పోయింది. కంచె దాటాక పారేసిందో ఏమో, నేను చూడదలుచుకోలేదు.

"ఎవురు మే ఆయమ్మ?" అంది అమ్మ. "చెయ్యి శానా మెత్తగా ఉండె. పని దొరికినట్టు లేదు, పాపం."

గుడ్డ ఉండ తీసుకోబోయి ఆగాను. కటుక్కు, తుప్పు. పుట్టి బుద్ధెరిగాక నేను అమ్మ ముందు చెయ్యి చాపలేదు, పెట్టబోతే లాక్కునేదాన్ని, ఇప్పుడు పోయి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. మణికట్టు దాకా నీలం, గోళ్ళలో బంక. చాపాను. ఆమెకు కనిపించింది. "ఇందమ్మా, తిను" అంది, దొరసానమ్మతో అన్న గొంతుతోనే, ఎవరో అనుకుని. గింజలు వెచ్చగా, తడిగా ఉన్నాయి. బంక కంపూ ఎంగిలీ రెండూ తెలుస్తూనే ఉన్నాయి. నోట్లో వేసుకుని నమిలాను.